అలాస్కా ఓడకు పులివెందుల పెట్టె

ప్రొద్దుటూరు,
మాఘ బహుళ ఏకాదశి.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన గుడ్డల పట్టీ అందింది. జూన్‌లో సియాటిల్ నుంచి ఓడలో ఏడు రాత్రుల ప్రయాణం పెట్టుకున్నామని, అలాస్కా చలికి పులివెందుల నుంచి అమ్మా నాయనా ఏ గుడ్డలు తెచ్చుకోవాలో చూసి చెప్పమని అడిగావు. ఫోనులో చెప్తే ఒక చెవితో నన్నూ ఇంకో చెవితో ఆఫీసు మీటింగునూ వింటావు గనక కాగితం మీద పెడుతున్నా. గుడ్డల అంగడిలో కూచుని కొలిచి కొలిచి వేళ్ళరిగినదాన్ని, ఆ ఓడ ఒకసారి ఎక్కి దిగినదాన్ని. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

పట్టీ బాగుంది. కాకపోతే అది నీకు సరిపోయే పట్టీ. మీ అమ్మకు జీన్సు ప్యాంట్లు రెండు, తల మీద నుంచి దూర్చుకునే ఉన్ని చొక్కాలు నాలుగు, మోకాళ్ళ దాకా దిగే లావు కోటు ఒకటి. మీ నాయనకూ అవే, కొలతలు మార్చి. వాళ్ళు వద్దనరులే. కూతురు కొనిచ్చిందని మురిసిపోతారు, మడత నలక్కుండా పెట్టెలో పెడతారు. అక్కడితో సరి. మేము పోయిన ఓడలో ఇది కళ్ళారా చూశా. హిమానీనదం ముందు ఓడ నిలిచింది, జనమంతా డెక్కు మీదికి ఎగబడ్డారు. మన వైపు నుంచే వచ్చిన ఒక పెద్దావిడ పట్టుచీర మీద ఒట్టి శాలువా కప్పుకుని గజగజలాడుతోంది. కొడుకు కొన్న కోటు గదిలో కొక్కేనికి వేలాడుతోందట. ఎందుకమ్మా వేసుకోలేదంటే, "కుచ్చిళ్ళ దగ్గర బుట్ట మాదిరి ఉబ్బుతుందమ్మా, నలుగురూ నవ్వుతారు" అనింది. అంత దూరం పోయి, అంత ఖర్చు పెట్టి, ఆమె ఆ మంచును ఐదు నిమిషాలు కూడా చూడలేదు.

అందుకే చెప్తున్నా. వారం రోజుల కోసం వాళ్ళ కట్టు మార్చాలని చూడబోకు. మీ అమ్మ చీర అట్లాగే ఉండనీ. దాని కింద ఒక పొర, పైన రెండు పొరలు చేర్చు. వాళ్ళు ఒంటి మీద వేసుకునేదే చలిని ఆపుతుంది గానీ పెట్టెలో ఉన్నది ఆపదు.

ఇంక అక్కడి వాతావరణం సంగతి. నువ్వు సియాటిల్‌లో ఉంటున్నావు, వాన నీకు కొత్త కాదు. కానీ ఆ ఓడ దారిలో ఊరికో కాలం నడుస్తుంది. మన కడప జిల్లాలో ఏడాది మొత్తానికి పడేది 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, మీ పులివెందుల వైపు ఇంకా తక్కువ. ఓడ ఆగే ఊళ్ళలో కెచికాన్ అని ఒకటుంది చూడు, అక్కడ ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైనే. మనకు ఐదేండ్లలో పడేది వాళ్ళకు ఒక్క ఏడాదిలో పడిపోతుంది. ఆ ఊరివాళ్ళు రేవు దగ్గరే వాన లెక్క చూపించే పెద్ద బోర్డు నిలబెట్టుకున్నారు, అదో గొప్ప. ఇంక స్కాగ్వే. అదే ఓడ, ఒకటి రెండు రోజుల తేడా, కానీ అక్కడ ఏడాది వాన ఇంచుమించు మన జిల్లాలో పడేంతే! సముద్రం నుంచి వచ్చే మబ్బు అడ్డమున్న కొండల మీద కురిసి, ఆ ఊరు చేరేసరికి చాలావరకు ఖాళీ అయిపోతుంది. వాన లేదు గదా అని గొడుగు గదిలో పెట్టి దిగితే గాలి అందుకుంటుంది. నిలబడనియ్యదు.

ఇంక జూనో, అలాస్కా రాజధాని. జూన్‌లో పగలు 16, 17 డిగ్రీలు, రాత్రికి 8. కాయితం మీద చూస్తే ఏముందిలే, డిసెంబరులో తిరుమల కొండ మీద తెల్లవారుజామున లైనులో నిలబడ్డామే, దానికి ఇంకొంచెం ఎక్కువ అనిపిస్తుంది. మోసమంతా గాలిలో ఉంది. ఓడ గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, బయట ఆకు కదలకపోయినా డెక్కు మీద నిలబడ్డవాళ్ళకు ఆ వేగంతో గాలి మొహాన కొడుతుంది. 8 డిగ్రీల చలి ఆ గాలిలో 3, 4 డిగ్రీలుగా తగులుతుంది. హిమానీనదం దగ్గర ఇంకోటి కూడా ఉంది. మంచు మీది గాలి చల్లబడి బరువెక్కి కిందికి జారి వస్తుంది, ఎండ కాస్తున్నా సరే. తలుపు తీసుకుని లోపలికొస్తే ఓడలో 21, 22 డిగ్రీల వెచ్చదనం. రోజుకు పదిసార్లు లోపలికీ బయటికీ తిరగాల్సి వస్తుంది. ఒక్క లావు కోటు వేసుకున్న మనిషి లోపల ఉడికి, బయట చెమట చల్లబడి వణుకుతుంది. అందుకే పొరలు. అందుకే ప్రతి పొరా ముందు తెరుచుకునేదై ఉండాలి. మీ అమ్మకు కుడి భుజం పైకి లేవదని నీకు తెలుసు, తల మీద నుంచి దూర్చుకునేది ఆమె ఒక్కసారి వేసుకుంటుంది, రెండోసారి వేసుకోదు.

మీ పెద్దనాయన ఈ మాటలు వింటూ ఏనుగుల వీరాస్వామయ్యను గుర్తు చేశారు. ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, మన కడప మీదుగానే కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నాడు. మండే ఎండలో మొదలుపెట్టి వానలూ చూశాడు, ఉత్తరాది చలీ చూశాడు. కానీ ఆయన వెంట పల్లకీ ఉంది, గుడారాలున్నాయి, పరివారముంది, పెట్టెలు ఎన్నయినా మోసేవాళ్ళున్నారు. మీకు మూడు కాలాలూ ఒకే వారంలో రాబోతున్నాయి, మోసేది మా అల్లుడొక్కడే.

ఇప్పుడు గుడ్డ సంగతికొస్తా, ఇది నా సబ్జెక్టు. మీ అమ్మకు నూలు చీర మీద ఎంత నమ్మకమో తెలుసు గదా. ఆ నమ్మకం తప్పేం కాదు. మే నెలలో 43 డిగ్రీల ఎండలో నూలును మించిన గుడ్డ లేదు. చెమటను పీల్చుకుంటుంది, అది ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఆ గుణమే అక్కడ కొంప ముంచుతుంది. తడిసిన నూలు ఆ చెమ్మ గాలిలో ఒక పట్టాన ఆరదు, ఒంటికి అంటుకుని వేడినంతా లాగేస్తుంది. గాలి కంటే నీళ్ళు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతాయి. గంజి పెట్టిన నేత చీరలైతే ఇంకా కష్టం, సముద్రపు గాలికి ఒక్క పూటలో పీలికల్లా వేలాడతాయి. సియాటిల్‌లో మీ ఇంట్లో కట్టుకోవడానికి నాలుగు నూలు చీరలు తెచ్చుకోనీ, ఓడ పెట్టెలోకి మాత్రం ఒక్కటీ రానీయకు.

మీ నాయనకు ఈ లెక్కలు చెప్తే వినడు. ఆయనకు కంబళి సంగతి గుర్తు చెయ్. మీ చీనీ తోట పక్కన గొర్రెలు మేపుకొచ్చే కాపర్లు వానొస్తే ఏం చేస్తారు? నల్ల కంబళిని ఒక మూల మడిచి నెత్తిన గుమ్మటంలా వేసుకుని, కర్ర ఆనించుకుని అట్లాగే నిలబడతారు. నూలు దుప్పటి కప్పుకున్న కాపరిని వానలో ఎప్పుడైనా చూశాడేమో అడుగు. పైన పడిన నీళ్ళు చాలావరకు జారిపోతాయి, పీల్చుకున్న తేమ ఒంటికి తెలియదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పట్టుకున్నా చెమ్మగా అనిపించదు, తడిలోనూ వెచ్చదనం ఇస్తుంది. ఈ మాట ఆయన ఒప్పుకుంటాడు, ఎందుకంటే కంబళి ధర ఎంతో ఆయనకు తెలుసు.

ఒంటికి తగిలే పొర పలచటి ఉన్నిది. మెరినో అని దొరుకుతుంది, గుచ్చుకోదు. ఖరీదనుకుంటే లూధియానా థర్మల్స్ మన ఊళ్ళలోనే తెచ్చుకోవచ్చు, పర్వాలేదు. చలికాలంలో టిబెట్ వాళ్ళు వచ్చి రోడ్డు పక్కన అమ్మే స్వెట్టర్లు చాలావరకు ఆక్రిలిక్కు. చెడ్డవి కావు, తేలిగ్గా ఆరతాయి, నడిమి పొరకు పనికొస్తాయి. కానీ ఉన్ని అని చెప్పి అమ్మితే ఉన్ని అయిపోదు. అనుమానమొస్తే లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పట్టు కూడా ఇంచుమించు అట్లాగే కాలుతుంది. నూలు అయితే కాయితం కాలిన వాసన వస్తుంది. ఆక్రిలిక్కు, పాలిస్టరు కరిగి చివర గట్టి నల్లపూస కడతాయి. మా అంగడిలో కొత్త సరుకు ఏదొచ్చినా ఈ పరీక్ష చెయ్యకుండా మీ పెద్దనాయన బిల్లు కట్టరు.

మీ అమ్మ కట్టు ఎట్లా ఉండాలో వివరంగా రాస్తా, ఈ భాగం చింపి ఆమెకు కూడా పంపు.

అడుగున మెడ దాకా ఉన్న, ముందు తెరుచుకునే థర్మల్ చొక్కా, చీలమండల దాకా దిగే థర్మల్ పైజామా. నల్లవి తీసుకో, చీర కింద నుంచి తెల్లగా తొంగి చూస్తే ఆమె సిగ్గుపడి ఇప్పేస్తుంది. పైజామా ఎలాస్టిక్కు మీదే లంగా నాడా కడితే గంటలో నడుము కోసుకుపోతుంది. నాడా ఎలాస్టిక్కుకు ఒక అంగుళం కిందికి కట్టుకోమను. జాకెట్టు నిండు చేతులది, వీపు మూసి ఉండేది, మామూలు కొలతకు చుట్టూ ఒక అంగుళం వదులు పెట్టి కుట్టించాలి. లేకుంటే థర్మల్ చేతి మీద అది ఎక్కదు. నావి జమ్మలమడుగులో కుట్టించా, ఆ టైలరు దగ్గరే మీ అమ్మవి కూడా మూడు కుట్టిస్తా. గుడ్డ నేను ఇస్తాలే, ముదురు రంగులు, ఏ చీరకైనా పోయేవి.

చీరలు క్రేపు, జార్జెట్టు. ఇవి రాత్రి ఉతికి వేస్తే తెల్లారేసరికి ఆరతాయి, మడత పెడితే అరచేతిలో ఇమిడిపోతాయి, నలగవు. నాలుగు చాలు. అంచు చీలమండకు కొంచెం పైకి ఉండేటట్టు కట్టుకోవాలి. కెచికాన్‌లో చెక్క వంతెనలన్నీ తడిగా ఉంటాయి, అంచు నీళ్ళు తాగితే మోకాళ్ళ దాకా ఎక్కుతుంది. పైట భుజం మీద వేలాడనీయకుండా వెనక నుంచి తిప్పి నడుములో దోపి, ఒక పిన్ను పెట్టాలి. పైట కోటు లోపలే ఉండాలి, బయట కాదు. గాలికి ఎగిరే పైట మెట్ల దగ్గర ప్రమాదం.

దాని పైన ముందు జిప్పున్న ఫ్లీసు, లేదా ఉన్ని స్వెట్టరు. అన్నిటికంటే పైన వానకోటు. ఇది అక్కడే కొను, ఇక్కడ దొరికేది స్కూటరు మీద పోయేవాళ్ళ కోటు, లోపల చెమట పట్టి తడుస్తుంది. కొనేటప్పుడు మూడు చూడు. నీళ్ళను కాసేపు ఆపేదానికీ, అసలు లోపలికి రానీయనిదానికీ పేర్లు దగ్గరగా ఉంటాయి, చీటీ మీద వాటర్‌ప్రూఫ్ అని ఉండాలి, వాటర్ రెసిస్టెంట్ కాదు. లోపలి వైపు కుట్ల మీద పట్టీ అతికించి ఉండాలి, లేకుంటే కుట్ల కన్నాల్లోంచి కారుతుంది. ఇంక మూడోది మీ అమ్మ కోసం: జిప్పు పైనుంచే కాక కింది నుంచి కూడా తెరుచుకోవాలి. కోటు తొడల దాకా ఉన్నా కింద ఒక జానెడు జిప్పు విప్పితే కుచ్చిళ్ళు స్వేచ్ఛగా ఉంటాయి, ఉబ్బదు, మెట్లెక్కేటప్పుడు పట్టదు. ఆ పెద్దావిడ బాధంతా ఈ ఒక్క జిప్పుతో తీరిపోయేది. బాతు ఈకలు నింపిన కోటు వద్దు, పొడి చలికి అది మంచిదే గానీ తడిస్తే ముద్దవుతుంది. గొడుగులూ వద్దు, రేవు గాలికి తిరగబడతాయి. వానకోటుకు తల మీదికి వచ్చే టోపీ ఉంటుంది గదా, దాని కింద ముడి పట్టదు. ఆ వారం ఒంటి జడ వేసుకోమను.

కాళ్ళు. మీ అమ్మ మట్టెలు తీయదు, తీయమని అడగబోకు. మట్టెల మీద ఉన్ని సాక్సు తొడిగితే పోగులు తగులుకుని రెండు రోజుల్లో బొటనవేలి పక్కన చిల్లు పడుతుంది, నడిస్తే ఒత్తుకుని పుండు కూడా అవుతుంది. ముందు పలచటి నైలాన్ సాక్సు, దాని మీద ఉన్ని సాక్సు. బూట్లు ఒక సైజు పెద్దవి, తాళ్ళు కాకుండా వెల్క్రో పట్టీవి, అడుగు జారనివి. వేళ్ళ సందు పట్టీ ఉన్న చెప్పులు గదిలో తిరగడానికే. చేతి తొడుగులు మణికట్టు దాటి పొడుగ్గా ఉండేవి తీసుకో, గాజులు వాటి లోపలే ఉండిపోతాయి. మట్టి గాజులు చలికి ఏం కావు గానీ రెయిలింగుకు కొట్టుకుంటాయి.

మీ నాయన పని తేలిక. భోజనాల హాల్లో పంచె కట్టుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, ఓడలో ఒకటి రెండు రాత్రులు అందరూ ముస్తాబై వస్తారు, ఆ పూట పట్టుపంచె కట్టించు. డెక్కు మీద మాత్రం పంచె కుదరదు, ఆ గాలికి మానం పోతుంది. థర్మల్ మీద వదులు ప్యాంటు, రెండు చాలు. మంకీ క్యాపు ఆయనకున్నదే తెచ్చుకోమను. కొత్త ఉన్ని టోపీ కొనిస్తే పెట్టుకోడు, తెల్లారి మార్కెట్టుకు అరటి గెలలు తోలేటప్పుడు పెట్టుకునే ఆ పాత టోపీ అయితే నువ్వు చెప్పకముందే పెట్టుకుంటాడు.

స్కాగ్వేలో కొండెక్కే రైలుకు టికెట్లు తీశామన్నావు. మంచి పని చేశావు. 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన లైను అది, బంగారం కోసం ఎగబడిన రోజుల్లో వేసింది. సముద్రం ఒడ్డున ఎక్కితే 32 కిలోమీటర్ల లోపలే 2,800 అడుగుల పైకి తీసుకుపోతుంది. కింద ఎండలో స్వెట్టరు విప్పి సంచిలో పెట్టినవాళ్ళు పైన మంచు కనబడగానే తవ్వుకుంటారు. రైలు పెట్టెల మధ్యనున్న వసారాలో నిలబడితే లోయ బాగా కనిపిస్తుంది, కాబట్టి పైపొరలన్నీ చేతిలో ఉండాలి. తిమింగలాలను చూడ్డానికి ఎక్కే చిన్న పడవలో ఇంకా చలి. ఆ రోజు మాత్రం అన్ని పొరలూ వేసుకునే దిగండి.

ఇంక పెట్టె సర్దుడు. ఓడ ఎక్కే రోజు పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, గది ముందుకు వచ్చేసరికి ఒక్కోసారి చీకటి పడుతుంది. ఈలోపల ఓడ కదిలిపోతుంది, అందరూ పైన డెక్కు మీద ఉంటారు. వాళ్ళిద్దరి స్వెట్టర్లు, వానకోట్లు, ఒక జత గుడ్డలు, మీ నాయన షుగరు మాత్రలు చేతి సంచిలో ఉండాలి. చివరి రాత్రి ఇంకో తిరకాసు. పెట్టెలు పడుకునే ముందే గది బయట పెట్టమంటారు. మేము దిగిన పొద్దున ఒకాయన లుంగీతో, పైన ఓడవాళ్ళ తెల్ల తువ్వాలుతో లైనులో నిలబడ్డాడు పాపం, ప్యాంట్లన్నీ పెట్టెలో పోయాయి. దిగే రోజు కట్టుకునే గుడ్డలు ముందే తీసి మంచం మీద పెట్టు.

ఇస్త్రీపెట్టె గదిలోకి తేనియ్యరు, నిప్పు భయం. అందుకే నలగని గుడ్డలు అన్నా. స్నానాల గదిలో సాగే తాడు ఉంటుంది చాలా ఓడల్లో, దాని మీద చీర ఆరేయొచ్చు. ఆరేసే ముందు చీరను పొడి తువ్వాల్లో చుట్టి కాలితో తొక్కితే సగం తడి దానికి దిగుతుంది, ఇది నేను అంగడిలో నేర్చుకున్నది కాదు, ఓడలో గది ఊడ్చే పిల్లోడు నేర్పాడు. గది గోడలు ఇనుపవి, అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకుపోతే తడి కోట్లు తగిలించుకోవచ్చు. గది మన వంటింట్లో సగం ఉంటుంది, నేల మీద పరిచే చోటు ఉండదు.

తేవద్దని గట్టిగా చెప్పాల్సినవి కొన్ని. పక్కింటివాళ్ళు కువైట్ నుంచి తెచ్చిన పులిబొమ్మ దుప్పటి మీ అమ్మ తప్పకుండా పెట్టెలో పెట్టుకుంటుంది, చలి అనగానే మన జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే. ఓడలో దుప్పట్లకు కొదవ లేదు, తీసి పక్కన పెట్టించు. నగలు వద్దు. ప్రొద్దుటూరు బంగారం ప్రొద్దుటూరులోనే ఉండనీ, ఆ హారం నేను దాచిపెడతానని చెప్పు, ఒక గొలుసు చాలు. పట్టుచీర ఒక్కటి చాలు, ముస్తాబు రాత్రికి. కొబ్బరినూనె సీసా తెస్తే గడ్డకట్టి బయటికి రాదు, 24 డిగ్రీలు దాటితే గానీ కరగదది. వెడల్పు మూత డబ్బాలో పోసుకోమను, లేకుంటే వాసెలిన్ నువ్వే కొనిపెట్టు, అక్కడి గాలికి పెదవులు పగులుతాయి. ఊరగాయల సంగతి నేను మాట్లాడను, అది మీ తల్లీకూతుళ్ళ వ్యవహారం. కానీ 23 కిలోల పెట్టెలో 12 కిలోలు జాడీలైతే గుడ్డలకు మిగిలేది నువ్వే లెక్కేసుకో.

గుడ్డలకు సంబంధం లేనిదే అయినా ఒకటి అడుగుతున్నా. ఓడ తిరుగు దారిలో విక్టోరియాలో ఆగుతుంది గదా, అది కెనడా. పరాయి దేశపు జెండా ఉన్న ఓడలు అమెరికాలో ఎక్కినవాళ్ళను అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఇంకో దేశం తాకాలని 1886 నుంచీ చట్టముంది. అందుకని మన పాస్‌పోర్టు వాళ్ళకు కెనడా వీసా కూడా కావాలి. అమ్మా నాయనలకు తీశావా? లేకుంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడు.

పులివెందులలో వాళ్ళు బయలుదేరేది నడి ఎండాకాలంలో. కదిరి మీదుగా బెంగళూరు విమానాశ్రయం చేరేదాకా చెమటలే. ఆ ఎండలో ఉన్ని సాక్సులు చేతి సంచిలో పెట్టుకోమంటే మీ అమ్మ నవ్వుతుంది. విమానంలో అర్ధరాత్రి ఏసీకి కాళ్ళు కొంకర్లు పోయినప్పుడు తీస్తుంది, చూస్తుండు. నువ్వు మాత్రం ఓడ ఎక్కే రోజే మొదటిసారి ఈ పొరలన్నీ తొడిగించకు. ముందు వారం మౌంట్ రైనియర్ మీద పారడైజ్‌కు తీసుకుపో, 5,400 అడుగుల ఎత్తు, జూన్‌లో కూడా నేల మీద మంచుంటుంది. అక్కడ గంటసేపు తిప్పితే ఏ నాడా బిగుసుకుంది, ఏ బూటు కరిచింది, ఏ జిప్పు మీ నాయనకు అర్థం కాలేదు, అన్నీ బయటపడతాయి. ఇంటికొచ్చాక మార్చుకోవడానికి అంగడి పక్కనే ఉంటుంది. సముద్రం మధ్యలో ఓడ అంగట్లో కొనాలంటే ధర అడిగి గుండె పట్టుకోవాలి.

నెల చూసి పోతున్నందుకు సంతోషం. మే, జూన్ నెలల్లో అక్కడ వాన కాస్త తగ్గుముఖంలో ఉంటుంది, ఆగస్టు దాటితే ఎక్కువవుతుంది. జూన్‌లో ఇంకో తిప్పలుంది, జూనోలో రాత్రి 10 గంటలకు కూడా వెలుతురే. మీ నాయన పొద్దు గుంకితే గానీ పడుకోడు. కిటికీ తెర సరిగా వేసి పెట్టు, లేకుంటే అర్ధరాత్రి దాకా డెక్కు మీదే తిరుగుతాడు, అప్పుడు మంకీ క్యాపు ఒకటే కాపాడాలి.

ఇప్పుడు నీ పనులు. నీ పట్టీలో జీన్సులు, తల మీద నుంచి వేసుకునే చొక్కాలు కొట్టెయ్. కొన్నవి ఉంటే రసీదు పారెయ్యకుండా వెనక్కిచ్చెయ్. మీ అమ్మ ఆది జాకెట్టు ముద్దనూరు మీదుగా వచ్చే బస్సులో ఎవరి చేతికైనా ఇచ్చి జమ్మలమడుగు పంపమని నేనే ఫోన్ చేస్తా, ఉగాదికి ముందే కుట్టించి పంపిస్తా. వాళ్ళ పాదాలు సాయంత్రం పూట, కాస్త వాచి ఉన్నప్పుడు, కాయితం మీద పెట్టి పెన్సిలుతో గీయించి నీకు ఫొటో పంపమని చెప్పు. ఎడమదీ కుడిదీ రెండూ గీయాలి, మీ నాయనకు ఎడమ పాదం పెద్దది. వానకోటు కొలతకు మాత్రం ఛాతీ కొలత స్వెట్టరు మీద నుంచి తీసుకో.

పిల్లోడికి ముద్దులు. అల్లుడికి మా దీవెనలు.

ఇట్లు,
మీ పెద్దమ్మ